టైమౌట్ బగ్స్ పని ఇచ్చారు... ఇంటర్న్‌షిప్ మానేయాలా?

ప్రశ్న: బీటెక్ సీఎస్‌ఈ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. ఇంటర్న్‌షిప్‌లో అపాచీ నైఫై (డేటాను ఒక సిస్టమ్ నుంచి ఇంకో సిస్టమ్‌కు చేరవేసే సాఫ్ట్‌వేర్) డేటా ఫ్లోలలో టైమౌట్ బగ్స్ సరిచేసే పని ఇచ్చారు. ఫ్రెండ్స్ అంతా ఏఐ ప్రాజెక్టులు చేస్తున్నారు. నేను వెనకబడిపోతానేమోనని టెన్షన్‌గా ఉంది. వేరేచోట ప్రయత్నించమంటారా?

జవాబు: మానకండి. డేటా ఇంజినీరింగ్‌లోకి వెళ్లాలనుకునేవారికి ఇది చాలా మంచి మొదలు. మీ ఫ్రెండ్స్ చేసే ఏఐ ప్రాజెక్టులకైనా డేటా ఇలాంటి ఫ్లోల గుండానే రావాలి. నైఫై అమెరికా జాతీయ భద్రతా సంస్థ ఎన్‌ఎస్‌ఏలో తయారై, 2014లో ఓపెన్ సోర్స్ సంస్థ అపాచీకి చేరింది. సోర్స్ కోడ్ మొత్తం మీరు చదువుకోవచ్చు.

టైమౌట్ అయిందంటే, అంటే గడువులోగా జవాబు రాలేదంటే, పని జరగలేదని కాదు, జరిగిందో లేదో మనకు తెలియలేదని. చాలా బగ్స్ ఇక్కడే పుడతాయి. నైఫైలో వేరే సర్వర్‌కు రిక్వెస్ట్ పంపే భాగమైన ఇన్వోక్ హెచ్‌టీటీపీ ప్రాసెసర్‌లో జవాబు కోసం ఆగే గడువు డిఫాల్ట్‌గా 15 సెకన్లు. అవతలి సర్వర్ మీ ఆర్డర్‌ను 16వ సెకనులో సేవ్ చేసిందనుకోండి. మన ఫ్లోలో అది అప్పటికే ఫెయిల్యూర్. రీట్రై పెట్టి ఉంటే అదే ఆర్డర్ రెండోసారి వెళ్తుంది. యూపీఐలో పెండింగ్ అని చూపించినప్పుడు మళ్లీ పంపితే డబ్బు రెండుసార్లు పోయే ప్రమాదం ఉన్నట్టే ఇదీ.

గడువు 60 సెకన్లకు పెంచేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అప్పుడు థ్రెడ్‌లు జవాబు కోసం ఎదురుచూస్తూ ఉండిపోతాయి. వెనక క్యూ పెరుగుతుంది. డిఫాల్ట్ సెట్టింగ్‌లో 10,000 ఫ్లోఫైల్స్ (ఫ్లోలో కదిలే డేటా ముక్కలు) చేరితే బ్యాక్‌ప్రెషర్ (క్యూ నిండితే రాకను ఆపే ఏర్పాటు) పనిచేసి, ఆ క్యూలోకి డేటా పంపే ప్రాసెసర్ ఆగిపోతుంది. అందుకే ప్రతి రిక్వెస్ట్‌కూ ఒక ప్రత్యేక ఐడీ పెట్టి, అదే ఐడీ మళ్లీ వస్తే సర్వర్ రెండో ఎంట్రీ వేయకుండా చూడాలి. మెసేజ్‌లను చేరవేసే సాఫ్ట్‌వేర్ కాఫ్కాలోనూ ఇలాంటి చిక్కే ఉంది. కన్స్యూమర్ (మెసేజ్‌లు అందుకునే ప్రోగ్రామ్) 5 నిమిషాల డిఫాల్ట్ గడువులోగా మళ్లీ పోల్ చేయకపోతే, అంటే కొత్త మెసేజ్‌లు అడగకపోతే, తన గ్రూపు నుంచి బయటికి పోతుంది, అది పూర్తిచేసిన మెసేజ్‌లే గ్రూపులోని ఇంకో కన్స్యూమర్ దగ్గరికి మళ్లీ వెళ్లవచ్చు.

ఇవన్నీ చేత్తో చేసి చూడండి. కావాలనే 20 సెకన్లు ఆలస్యంగా జవాబిచ్చే చిన్న సర్వర్ రాసి, బగ్‌ను రప్పించి, దానికి టెస్ట్ రాయండి. ఇంటర్వ్యూలో దీని గురించి అరగంట మాట్లాడగలరు. రెజ్యూమెలో 'టైమౌట్ బగ్స్ ఫిక్స్ చేశాను' అని వదిలేయకుండా, డూప్లికేట్‌లు ఎందుకు వచ్చాయో, ఎలా ఆపారో రాయండి. జావా, ఎస్‌క్యూఎల్ గట్టిగా నేర్చుకోండి.

ఒక్క విషయం మాత్రం గమనించుకోవాలి. మీతో సెట్టింగ్స్‌లో అంకెలు మార్పించడమే తప్ప కోడ్, లాగ్‌లు చూడనివ్వకపోతే నేర్చుకునేది తక్కువ. ఈ వారమే మీ మెంటర్‌ను అడగండి. నెల గడిచినా మార్పు లేకపోతే అప్పుడు వేరే ఇంటర్న్‌షిప్ వెతకండి.