పేరు రాయకపోతే చాలా?

ప్రశ్న: డాక్టరు గారూ, ఈమధ్య మా ఆర్యవైశ్య కల్యాణ మండపంలో జన్యు పరిశోధన అంటూ రక్తం తీసుకున్నారు. పేరు రాయం, కోడ్ నంబరే ఉంటుందన్నారు. మావారు ఇచ్చేశారు. ఇప్పుడు నన్నూ, పెళ్లి కావలసిన మా అమ్మాయినీ రమ్మంటున్నారు. ఏదో లోపం ఉందని తేలి నలుగురికీ తెలిస్తే సంబంధాలు రావేమోనని భయం. ఇవ్వమంటారా?
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: ఇవ్వండమ్మా. కానీ వాళ్లిచ్చే కాగితం చదివి, అడగాల్సినవి అడిగాకే ఇవ్వండి.

నేను మత్తు డాక్టర్ని. ఆపరేషన్‌కి ముందు గొంతులో గొట్టం వేయాలంటే కండరాలు సడలాలి. దానికి సక్సినైల్‌కోలిన్ అనే ఇంజెక్షన్ ఉంది. మామూలుగా కొన్ని నిమిషాల్లో ప్రభావం పోతుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైము రక్తంలో లేనివాళ్లకి గంటలు గడిచినా పోదు, అంతసేపూ వెంటిలేటరే దిక్కు. ఈ లోపం వైశ్యుల్లో ఎక్కువ. అందుకే టేబుల్ ఎక్కించకముందే "మీరు వైశ్యులా అమ్మా?" అని అడుగుతాను. కులంతో నీకేం పనన్నట్టు చూసేవాళ్లున్నారు. అయినా అడుగుతాను, ప్రాణం సంగతి కాబట్టి. తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటున్న మన కులాల్లో ఇలాంటివి ఇంకేమున్నాయో తెలియాలంటే మీలాంటివాళ్లు రక్తం ఇవ్వాల్సిందే. ఈ ఎంజైము విషయంలో మాత్రం అమ్మాయి పెళ్లి గురించి బెంగపడకండి. అలాంటి మందు ఒంట్లో పడనంతవరకూ ఏ ఇబ్బందీ ఉండదు.

ఇక "పేరు రాయం" అన్న హామీ. అదొక్కటే చాలదు. ట్యూబు మీద కోడే ఉంటుంది, నిజమే. దాంతోపాటు నింపించే ఫారం ఒకసారి చూడండి. వయసు, ఊరు, గోత్రం, పుట్టిల్లు, మేనరికమా కాదా అని అడిగితే, ఆ నాలుగు ముక్కలు చదివి మీ సంఘంలో ఎవరైనా "ఫలానావారి కోడలు" అనేస్తారు. పైగా జన్యువులే మనిషిని పట్టిస్తాయి. మగవాళ్లలోనే ఉండే వై క్రోమోజోమ్ అనే జన్యువుల పోగు తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది, ఇంటిపేరూ అంతే. అందుకే దాన్నిబట్టి ఇంటిపేరు పట్టేయొచ్చు. 2013లో అమెరికాలో శాస్త్రవేత్త యానివ్ ఎర్లిక్ బృందం, పేర్లు తీసేసి ఇంటర్నెట్‌లో ఉంచిన జన్యు సమాచారాన్ని వంశవృక్షాల వెబ్‌సైట్లతో పోల్చి, వయసూ రాష్ట్రమూ కలిపి, దాదాపు 50 మంది ఎవరో కనుక్కుంది. మన దగ్గర ఇంటిపేరుతోపాటు గోత్రం కూడా తండ్రి వైపునుంచే కదా.

అందుకని ఫారంలో ఏ వివరాలు ఎవరి చేతికి వెళ్తాయో, కోడుకీ పేరుకీ లంకె ఉన్న పుస్తకం ఎవరి దగ్గర ఉంటుందో అడగండి. రక్తాన్ని ఇంకో పరిశోధనకి వాడతారా అన్నది అంతకన్నా గట్టిగా అడగండి. అరిజోనాలో హవసుపాయి అనే గిరిజన తెగవాళ్లు 1990 నుంచి షుగరు జబ్బు కోసమని రక్తం ఇచ్చారు. అదే రక్తాన్ని మానసిక వ్యాధుల మీద, వాళ్ల పూర్వీకులు ఎక్కడి నుంచి వచ్చారన్నదాని మీద పరిశోధనలకి వాడారని తర్వాత తెలిసింది. వాళ్లు కోర్టుకెక్కారు. 2010లో రక్తం తీసుకున్న యూనివర్సిటీ 7 లక్షల డాలర్లు ఇచ్చి, మిగిలిన రక్తాన్నీ తిరిగిచ్చింది. అక్కడ నష్టం ఒక మనిషికి కాదు, తెగ మొత్తానికి. మీ సంఘం పెద్దలు కూడా ఇది ఆలోచించాలి.

మీవారి రక్తంలో అమ్మాయి జన్యువుల్లో సగం ఇప్పటికే వెళ్లాయి. అయినా మిగతా సగం ఇవ్వాలా వద్దా అన్నది అమ్మాయే తేల్చుకోవాలి, సంతకం తనే పెట్టాలి. ఫలితం తనకొక్కదానికే చెప్పాలని కూడా రాయించుకోండి. మన దేశంలో జన్యువులను బట్టి వివక్ష చూపకూడదని విడిగా చట్టమేదీ లేదు. ఇన్సూరెన్సు విషయంలో ఇలాంటి వివక్ష కుదరదని 2018లో ఢిల్లీ హైకోర్టు మంచి తీర్పు ఇచ్చింది గానీ, పెళ్లిచూపుల్లో అది పనికిరాదు.

మీవారికి మనసు మారితే రక్తాన్ని వెనక్కి తీసుకునే హక్కు, వైద్య పరిశోధనలకి నియమాలు పెట్టే కేంద్ర సంస్థ ఐసీఎంఆర్ నియమాల్లోనే ఉంది. ఇప్పటికే పరిశోధన లెక్కల్లో కలిసిపోయిన సమాచారం మాత్రం వెనక్కి రాదు. ముందు ఆయన సంతకం చేసిన అంగీకార పత్రం ప్రతి అడిగి తెచ్చుకోమనండి. పరిశోధన న్యాయంగా జరుగుతోందా అని చూసే ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు అందులోనే ఉండాలి. ఆ ప్రతి వాళ్లు ఇవ్వకపోతే మాత్రం మీరూ అమ్మాయీ వెళ్లకండి.