ఫిల్మ్‌కు విలువుంది సరే, ఆషాఢానికి డబ్బుందా?

ప్రశ్న: నేను తణుకులో పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్‌ని, వయసు 36. ఏడాదికి పాతిక పెళ్లిళ్ల దాకా చేస్తాను. వృత్తి ఖర్చులు పోను సుమారు 7 లక్షలు మిగులుతుంది. ఇంట్లో అమ్మ, నా భార్య, ఆరేళ్ల పాప. షాపు అద్దెతో కలిపి ఇంటి ఖర్చు నెలకు 32,000. బ్యాంకులో 60,000 ఉంది. 2 లక్షల చిట్టీ ఇంకో ఎనిమిది నెలల్లో చేతికొస్తుంది. ఈమధ్య పెళ్లివాళ్లు కొందరు ఫిల్మ్ మీద తీసిన ఫొటోలు కావాలని అడుగుతున్నారు. మామియా ఆర్‌బీ67 కెమెరా, స్కానర్, ఎన్‌లార్జర్, చిన్న డార్క్‌రూమ్, అన్నీ కలిపి 7 లక్షలవుతుంది. మా ఆవిడ బంగారం మీద 4 లక్షలు, తెలిసినాయన దగ్గర రెండు రూపాయల వడ్డీకి 3 లక్షలు తీసుకుందామనుకుంటున్నాను. కెమెరాకు 10,000 అడ్వాన్స్ కూడా పంపాను. ఈ డిజిటల్ కాలంలో ఫిల్మ్‌కు ఇంకా విలువుందా? పెట్టుబడి పెట్టొచ్చా?

జవాబు: ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలు. మొదటిదానికి అవునని జవాబొస్తే రెండోదానికీ అదే వస్తుందని మీరు అనుకుంటున్నారు. ఇలాంటి ఉత్తరం నాకు ఈ ఏడాది ఇది మూడోది. ఒకాయన డ్రోన్ల గురించి రాశారు, ఇంకొకావిడ కాఫీ గింజలు వేయించే మిషన్ గురించి. మనసుపడ్డ వస్తువుకు పెట్టుబడి అని పేరు పెట్టి, ఇంట్లో బంగారం తాకట్టు పెట్టడం. మీ ఒక్కరి సంగతే అయితే విడిగా జవాబు రాసి ఊరుకునేవాణ్ని.

ముందు ఫిల్మ్ సంగతి. విలువుంది, నాకు అనుమానమే లేదు. మా అమ్మానాన్నల పెళ్లి నెగిటివ్‌లు ఇప్పటికీ ఒక బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి, మొన్న కూడా వాటి నుంచి ప్రింట్లు వేయించాను. మా అబ్బాయి మొదటి రెండేళ్ల ఫొటోలున్న హార్డ్ డిస్క్ మాత్రం ఒక రోజు టిక్కు టిక్కుమని చప్పుడు చేసి ఆగిపోయింది, అంతే. సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ 1905లో పోయారు, ఆయన గాజు ప్లేట్ నెగిటివ్‌లు 2,800కు పైగా ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఇప్పటికీ ఉన్నాయి. పైగా 36 ఫొటోల రీలు వేసుకుని వెళ్లిన మనిషి చూసే చూపు వేరు, రెండు వేల ఫొటోలు నొక్కి ఇంటికొచ్చి ఏరుకునేవాడి చూపు వేరు. ఇవన్నీ నాకంటే మీకే బాగా తెలుసు. కొత్తవాళ్లు కూడా వస్తున్నారు, లేకపోతే పెంటాక్స్ 2024లో కొత్తగా ఫిల్మ్ కెమెరా తయారు చేసి అమ్మదు కదా.

కానీ మీరు అప్పు చేసి దిగబోతున్నది ముడిసరుకు మీద మీకు ఏ పట్టూ లేని వ్యాపారంలోకి. ఒకప్పుడు ఊటీలో మన ప్రభుత్వ సంస్థే ఫిల్మ్ తయారు చేసేది, ఇందు అనే పేరుతో, మీ నాన్నగారు వాడే ఉంటారు. ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ఇప్పుడు మీరు కొనే రోలు అమెరికాలో రోచెస్టర్‌లోని కొడాక్ నుంచో, నలుపు తెలుపైతే ఇంగ్లండ్‌లోని ఇల్ఫర్డ్ కంపెనీ నుంచో రావాలి. వాళ్లు ధర పెంచితే కట్టాలి, ఆపేస్తే మానుకోవాలి. కొడాక్ వాళ్ల కొడాక్రోమ్ అనే కలర్ ఫిల్మ్‌ను అంతమంది ప్రేమించారు, అయినా 2009లో తయారీ ఆపేశారు, దాన్ని కడిగే చివరి ల్యాబ్ కూడా 2010 డిసెంబర్ చివర్లో రోళ్లు తీసుకోవడం మానేసింది.

డిజిటల్ కెమెరాను 1975లో తయారు చేసింది కొడాక్ ఇంజినీరే అని, అదే కంపెనీ 2012లో దివాలా పిటిషన్ వేసిందని అందరూ చెబుతుంటారు, కాలంతో మారకపోతే ఇంతే అంటారు. నాకు మాత్రం ఆ కథలో ఇంకో ఫిల్మ్ కంపెనీ ఫ్యూజీయే కనిపిస్తుంది. ఫిల్మ్ గిరాకీ పడిపోయినప్పుడు వాళ్లు ఎల్‌సీడీ తెరల్లో వాడే పొరలు, కాస్మెటిక్స్, మందుల వైపు మళ్లారు, మళ్లే దాకా నిలబడటానికి వాళ్ల దగ్గర డబ్బుంది. మీ దగ్గర 60,000 ఉంది, అంటే రెండు నెలలకు కూడా చాలదు.

ఇప్పుడు మీ లెక్కే మీకు చూపిస్తాను. రెండు రూపాయల వడ్డీ అంటే మీకు చిన్నగా వినిపిస్తోంది, అది ఏడాదికి 24 శాతం. 3 లక్షలకు నెలకు 6,000. బంగారం అప్పు 12 శాతం అనుకుంటే ఇంకో 4,000. నెలకు 10,000, ఏడాదికి 1,20,000, ఇందులో అసలు ఒక్క రూపాయి తీరదు. మీరు రాసిన ప్రకారం ఫిల్మ్ ప్యాకేజీకి అదనంగా 40,000 తీసుకుంటారు. ఆర్‌బీ67లో రోలుకు పది ఫొటోలే వస్తాయి. పెళ్లికి 12 రోళ్లు, రోలు 1,200, వాషింగ్, స్కానింగ్ 600, మొత్తం 21,600 ఖర్చు. మిగిలేది 18,400. అంటే వడ్డీ కట్టడానికే ఏడు పెళ్లివాళ్లు ఫిల్మ్ కావాలనాలి. అడ్వాన్స్ ఇచ్చినవాళ్లు ఎంతమంది? ఒక్కరూ లేరు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఇద్దరు "అన్నా ఎంత" అని అడిగారు, అంతే! ఆ ఇద్దరిని నమ్ముకుని ఇంట్లో ఆడవాళ్ల ఒంటి మీద బంగారం తీసుకెళ్లి తాకట్టు పెడతారా?

వాషింగ్ నేనే చేసుకుంటే 600 కలిసొస్తుంది అంటారు, తెలుసు. కలర్ ఫిల్మ్‌ను 38 డిగ్రీల డెవలపర్‌లో మూడుంపావు నిమిషాలు కడగాలి. వేసవిలో తణుకు ఎండలో, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని గదిలో, ఇంకొకళ్ల జీలకర్ర బెల్లం ఫొటోల మీద ఆ పని నేర్చుకుంటారా? తప్పు జరిగితే తలంబ్రాలు మళ్లీ పోయించలేం. డబ్బు వెనక్కివ్వాలి, అది ఏ జేబులోంచి తీస్తారు?

"కెమెరా ధరలు పెరుగుతున్నాయి, ఎప్పుడైనా అమ్ముకోవచ్చు" అని కూడా రాశారు. రాత్రి రెండింటికి అమ్మగారిని ఆసుపత్రికి తీసుకెళ్తే కౌంటర్లో కెమెరా తీసుకోరు. వారంటీ లేని ముప్పై నలభై ఏళ్ల పాత కెమెరా, దాన్ని బాగుచేసే మెకానిక్ కోసం ఏ ఊరెళ్లాలో కూడా మీకు తెలియదు, దాన్ని కొనేవాడు దొరికేదాకా ఆసుపత్రివాళ్లు ఆగరు కదా.

అందుకే అత్యవసర నిధి. జీతగాళ్లకు ఆరు నెలలు చాలంటాను, మీకు మాత్రం పన్నెండు నెలలు. ఎందుకో మీ పంచాంగంలోనే ఉంది. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, మూఢం వస్తే ఉండవు, పుష్యంలో ఉండవు. ఒక్కో ఏడాది మూఢం వీటికి ఆనుకునే వచ్చిపడుతుంది. వడ్డీ మాత్రం ఆషాఢంలోనూ నడుస్తుంది. 2020లో లాక్‌డౌన్ సరిగ్గా చైత్రం, వైశాఖం ముహూర్తాలను తినేసింది, ఆ వేసవిలో లెన్సులు అమ్ముకున్న ఫొటోగ్రాఫర్లు నాకు తెలుసు. అంతా బాగా పనిచేసేవాళ్లే, చేతిలో నాలుగు నెలల ఇంటి ఖర్చు లేదు, అదొక్కటే లోటు.

మీకు కావాల్సింది 3,84,000. చిట్టీని మధ్యలో పాడకండి, చివరిదాకా ఉంచి ఆ 2 లక్షలు, ఉన్న 60,000 కలిపి పక్కన పెట్టండి. ఇంకా 1,24,000 తక్కువ. పెళ్లికి 5,000 చొప్పున పాతిక పెళ్లిళ్లు. బయానా పడిన రోజే ఆ 5,000 వేరే ఖాతాలోకి పోవాలి, ఆల్బమ్ డబ్బులు వచ్చాక చూద్దామంటే ఎప్పటికీ చూడరు. అంత మిగలదు అనకండి, ఏటా లక్షన్నర దాకా లెన్సులకు, బైకు ఈఎంఐకి పోతోందని మీరే రాశారు. ఇది కావాల్సినప్పుడు త్వరగా తీసుకోగలిగే లిక్విడ్ ఫండ్‌లో ఉన్నా, ఎఫ్‌డీలో ఉన్నా నాకు అభ్యంతరం లేదు, బావమరిది దగ్గర మాత్రం వద్దు.

ఇన్సూరెన్స్ గురించి మీరు ఒక్క ముక్కే రాశారు, ఏడాదికి 24,000 కట్టే మనీబ్యాక్, కవర్ 3 లక్షలు. ముగ్గురు మీ చేతి మీద బతుకుతుంటే మీరు పోతే వాళ్లకొచ్చేది పది నెలల ఖర్చు కూడా లేదు. 75 లక్షలకు తగ్గకుండా టర్మ్ పాలసీ, అంటే మీరు పోతేనే ఇంట్లోవాళ్లకు డబ్బొచ్చేది, తీసుకోండి, సిగరెట్ అలవాటుంటే ఫారంలో దాచకండి. ఆరోగ్యశ్రీ ఉంది కదా అన్నారు, ఉంటే మంచిదే, కానీ అది వాళ్ల జాబితాలోని జబ్బులకు, ఆసుపత్రులకే. మీకు, మీ ఆవిడకు, పాపకు కలిపి ఒకే ఆరోగ్య పాలసీ (ఫ్లోటర్ అంటారు), అమ్మగారికి విడిగా ఇంకొకటి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఇలాంటి వ్యక్తిగత పాలసీలకు జీఎస్టీ కూడా లేదు, ఆ సాకు పోయింది. వీటికంటే ముందు పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ. తెల్లవారుజామున ముహూర్తం అయ్యాక నిద్రమత్తులో బైకు మీద భీమవరం నుంచి తణుకు వచ్చే మనిషి మీరు, మణికట్టు విరిగితే సీజన్ మొత్తం పోయినట్టే. పనిచేయలేని వారాలకు కూడా డబ్బిచ్చేది అడిగి మరీ తీసుకోండి. ఉన్న డిజిటల్ కెమెరాలకు కూడా పాలసీ లేనట్టుంది. షాపు పాలసీ ఉన్నా బయట మండపంలో పోయిన కెమెరాకు వర్తిస్తుందా లేదా అని రాతపూర్వకంగా అడగండి.

మరి ఫిల్మ్ సంగతేంటంటారా? మీ నాన్నగారి నికాన్ ఎఫ్‌ఎం2 బీరువాలో ఉందన్నారు. దాని షట్టర్‌కు బ్యాటరీ కూడా అక్కర్లేదు, సర్వీసింగ్ చేయించి పెళ్లికి ఒకే రోలు తీయండి, మీ డిజిటల్ పనికి అదనంగా, ల్యాబ్‌కు పంపి కడిగించండి. కరిజ్మా ఆల్బమ్‌లో ఆ ఫొటోలకు రెండు పేజీలు ఇవ్వండి. రిసెప్షన్‌లో అప్పటికప్పుడే ప్రింటు వచ్చే ఇన్‌స్టాక్స్ కెమెరా పెడితే వచ్చే డబ్బు ఇంకా సులువు. మామియా కావాలంటే ఒక పెళ్లికి అద్దెకు తెచ్చుకోండి. ఏడాదిలో పది మంది అడ్వాన్స్ ఇచ్చి మరీ ఫిల్మ్ అడిగితే, అప్పటికి నిధి కూడా నిండితే, అప్పుడు చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర లోన్ గురించి మాట్లాడదాం.

రెండు రూపాయల వడ్డీ ఆయనకు ఇవాళే ఫోన్ చేసి వద్దని చెప్పండి. కెమెరా అమ్మే మనిషి అడ్వాన్స్ 10,000 తిరిగిస్తానంటే తీసుకోండి, ఇవ్వనంటే గొడవపడకుండా వదిలేసి, ఆ మాట ఇంట్లో మీ ఆవిడకు చెప్పండి. బంగారం ఆవిడది, మీ ఉత్తరంలో ఆవిడ ఏమందో ఎక్కడా లేదు.