బీఫార్మసీ తర్వాత న్యాయశాస్త్రం: నాలుగేళ్ల చదువు ఎక్కడికీ పోదు

ప్రశ్న: మా అమ్మాయి బీఫార్మసీ ఆఖరి సంవత్సరంలో ఉంది. మందుల ధరలు, క్లినికల్ ట్రయల్స్ (కొత్త మందులను మనుషుల మీద పరీక్షించడం), వైద్య నైతికత మీద జరిగే బహిరంగ చర్చలకు వెళ్లడం అలవాటు చేసుకుంది. ఇప్పుడు మూడేళ్ల ఎల్ఎల్‌బీ చదివి ఆరోగ్య చట్టాల రంగంలో, మందుల విధానాల మీద పనిచేస్తానంటోంది. బంధువులేమో అమెరికాలో బయోఎథిక్స్ (వైద్య, జీవశాస్త్ర రంగాల్లో నైతికత) మాస్టర్స్‌కు పంపమంటున్నారు. తెలిసినవాళ్లు అమీర్‌పేటలో ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాలను గమనించే పని) కోర్సు చేయించి ఉద్యోగంలో పెట్టమంటున్నారు. ఫార్మసీకి పెట్టిన ఖర్చు బూడిదలో పోసిన పన్నీరవుతుందేమోనని, డాక్టర్ల మీద కేసులు వేసే పిల్ల అంటే సంబంధాలు రావేమోనని భయంగా ఉంది. మూడింటిలో ఏది మేలో పోల్చి చెప్పండి.
– ఒక తండ్రి, గుంటూరు జిల్లా

జవాబు: మీరు పోలిక అడిగారు గానీ, మీ ఉత్తరంలో ఎక్కువగా కనిపించింది నలుగురికీ ఏం చెప్పుకోవాలన్న బెంగ. ఇదే బెంగతో ఏటా ఎందరో తల్లిదండ్రులు రాస్తుంటారు, కోర్సుల పేర్లు మాత్రమే మారుతుంటాయి. కాబట్టి ముందు దాని గురించే చెబుతాను. ఫార్మసీ చదివిన నాలుగేళ్లూ వృథా కావు. చట్టం చదివినవాళ్లు మనకు కావలసినంత మంది ఉన్నారు, మందుల గురించి చదివినవాళ్లూ ఉన్నారు, ఆ రెండూ కలిపి తెలిసినవాళ్లే చాలా తక్కువ.

దీన్ని ఒక ఉదాహరణతో వివరంగా చెప్పాలి. నాసిరకం అన్న అనుమానంతో డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఒక మెడికల్ షాపులో మందు నమూనా తీసుకున్నారనుకోండి. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం 23వ సెక్షన్ ప్రకారం ఆ నమూనాను నాలుగు భాగాలు చేసి, సీలు వేసి, ఒకటి షాపు యజమానికి, ఒకటి ప్రభుత్వ అనలిస్టుకు, ఒకటి కోర్టుకు, ఒకటి ఆ మందు తయారుచేసిన కంపెనీకి చేర్చాలి. అనలిస్టు నివేదికను ఒప్పుకోని పక్షం అది అందిన 28 రోజుల్లోగా ఆ మాట తెలియజేయాలి, అప్పుడు కోర్టు దగ్గరున్న భాగం తిరిగి పరీక్షకు కేంద్ర ఔషధ ప్రయోగశాలకు వెళుతుంది. ఈలోగా మందు గడువు తీరిపోతే, మళ్లీ పరీక్ష కోరే హక్కు మాకు దక్కకుండా పోయిందని కంపెనీ వాదిస్తుంది, ఆ ఒక్క కారణంతో వీగిపోయిన కేసులు ఉన్నాయి. మాత్ర సరిగ్గా కరగకపోవడానికీ, సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలవడానికీ ఉన్న తేడాను అనలిస్టు నివేదికలోని అంకెలు చూసి పట్టుకోగల లాయరు ఎంత అవసరమో, దగ్గు మందు తాగి పిల్లలు చనిపోయిన వార్తలు చదివిన మీకు వేరే చెప్పనక్కరలేదు. పైగా డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగానికి న్యాయశాస్త్ర పట్టా ఒక్కటే ఉన్నవాళ్లు అర్హులు కారు, మీ అమ్మాయి బీఫార్మసీతోనే అర్హురాలు.

వైద్య నైతికత అంటే సభల్లో చెప్పే మంచి మాటలని మీరు అనుకుంటున్నట్టున్నారు. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు హెచ్‌పీవీ టీకా వేసే అధ్యయనం ఒకటి మొదలై, కొందరు బాలికల మరణాల తర్వాత 2010 ఏప్రిల్‌లో ఆగిపోయింది. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే ఆ టీకా మంచిదే. తప్పు జరిగింది సమ్మతి తీసుకోవడంలో. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం, 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 పత్రాల మీద వేలిముద్రలు ఉండగా, 2,763 పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. ఆ ఫారాలన్నీ ఎవరో కూర్చుని ఒక్కొక్కటిగా తిరగేసి చూశారు కాబట్టే ఈ అంకెలు బయటపడ్డాయి. మీ అమ్మాయి చేయాలనుకుంటున్నది అటువంటి పని. 2019 నాటి క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం, ట్రయల్స్‌కు అనుమతినిచ్చే ప్రతి ఎథిక్స్ కమిటీలోనూ కనీసం ఏడుగురు సభ్యులు, వారిలో ఒక న్యాయ నిపుణుడు, ఒక సాధారణ పౌరుడు తప్పనిసరిగా ఉండాలి. అయితే కమిటీ సభ్యత్వం నెల జీతం వచ్చే ఉద్యోగం కాదు. ఈ సంగతి మీ అమ్మాయికి కూడా తెలియాలి.

ఇక అమెరికా మాట. బయోఎథిక్స్ మంచి విషయమే, కానీ ఇరవై రెండేళ్ల పిల్లను పెద్ద అప్పుతో ఆ కోర్సుకు ఇప్పుడే పంపడం నాకు ససేమిరా ఇష్టం లేదు. అక్కడ ఆ తరగతుల్లో కూర్చునేవారిలో చాలామంది అప్పటికే డాక్టర్లుగానో నర్సులుగానో లాయర్లుగానో పనిచేస్తున్నవాళ్లు, చేతిలో ఉన్న వృత్తికి అదనంగా దాన్ని చదువుతారు. వృత్తి ఏదీ లేకుండా అదొక్కటే చదివినవారికి ఉద్యోగం వెతుక్కోవడం కష్టం. చదువు ముగిశాక అక్కడ పనిచేయడానికి మామూలుగా దొరికేది 12 నెలల ఓపీటీ అనే తాత్కాలిక పని అనుమతి, దాని మీద మరో 24 నెలల పొడిగింపు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో ఉన్న కోర్సులకు మాత్రమే వర్తిస్తుంది. మీరు చూస్తున్న కోర్సు ఆ జాబితాలో ఉందో లేదో కన్సల్టెన్సీ వాళ్లు ముందుగా మీకు చెప్పారా? ఆరోగ్య చట్టంలో ఎల్ఎల్ఎం, అంటే న్యాయశాస్త్రంలో మాస్టర్స్, చేయిద్దామన్నా, దానికి ముందు న్యాయ పట్టా ఉండాలి. ఎటు తిరిగినా మొదట చదవాల్సింది ఇక్కడి ఎల్ఎల్‌బీయే.

అమీర్‌పేట కోర్సు గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. ఫార్మకోవిజిలెన్స్ గౌరవమైన పని, మందుల దుష్ప్రభావాల నివేదికలను చదివి నమోదు చేయడం నేర్పుతుంది. ఇంట్లో డబ్బు అవసరం వెంటనే ఉంటే ఆ ఉద్యోగంలో చేరి, ఒకటి రెండేళ్ల తర్వాత లా కాలేజీకి వెళ్లినా తప్పులేదు. కోర్సుకు ఫీజు కట్టే ముందు మాత్రం, ఆ సర్టిఫికెట్ లేకుండా నేరుగా దరఖాస్తు చేసి చూడమనండి.

ఇప్పుడు మీకు కొంచెం కటువుగా చెప్పాల్సిన మాట ఒకటుంది. సంబంధాల గురించి రాశారు, బంధువులేమన్నారో రాశారు, మీ అమ్మాయి ఆ చర్చల నుంచి ఇంటికొచ్చి ఏం చెబుతుందో ఒక్క ముక్క కూడా రాయలేదు. అడిగి ఉంటే, ఆరోగ్య చట్టం డాక్టర్లకు శత్రువు కాదని ఆమే చెప్పి ఉండేది. వైద్య నిర్లక్ష్యం కేసుల్లో డాక్టర్లను మామూలుగా అరెస్టు చేసేయకూడదని, ముందు స్వతంత్ర వైద్య నిపుణుల అభిప్రాయం తీసుకోవాలని సుప్రీంకోర్టు 2005లో జాకబ్ మాథ్యూ కేసులో చెప్పింది, ఆస్పత్రుల తరఫున ఈ చట్టాలు చూసే లాయర్లూ ఉన్నారు. మందుల విధానం అనగానే గంజాయి కేసులు, పోలీసు స్టేషన్లు గుర్తుకు రానక్కరలేదు. క్యాన్సర్ రోగికి నొప్పి తగ్గించే మార్ఫిన్ సులువుగా అందాలని 2014లో మాదకద్రవ్యాల నియంత్రణకు ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టాన్ని సవరించడం కూడా ఆ విధానంలో భాగమే. ఎదిగిన పిల్ల, తన చదువు గురించి మీకంటే ఎక్కువ ఆలోచించింది. నలుగురి మాట కోసం ఆమెను వెనక్కి లాగకండి.

రాబడి గురించి దాచకుండా చెబుతాను. కోర్టులో జూనియర్‌గా చేరినవారికి మొదటి రెండు మూడేళ్లు వచ్చేది చాలా తక్కువ. త్వరగా నిలదొక్కుకోవాలంటే పేటెంట్ల వైపు చూడమనండి. పేటెంట్ ఏజెంట్ (పేటెంట్ దరఖాస్తుల పని చూసేవారు) పరీక్ష సైన్స్, ఇంజనీరింగ్ పట్టభద్రులకే కాబట్టి అక్కడ ఫార్మసీ ఆమెకు బలం. కాలేయ, కిడ్నీ క్యాన్సర్లకు వాడే సోరాఫెనిబ్ నెలకు సుమారు 2.80 లక్షల రూపాయలున్నప్పుడు, హైదరాబాద్‌కు చెందిన నాట్కో దాన్ని 9 వేల రూపాయల లోపు అమ్మేలా 2012లో దేశంలోనే మొదటి కంపల్సరీ లైసెన్సు (పేటెంట్ ఉన్న కంపెనీ ఒప్పుకోకపోయినా వేరేవారు ఆ మందు తయారుచేయడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి) వచ్చింది కూడా పేటెంట్ల చట్టం కిందే. ఎల్ఎల్‌బీ అయ్యాక హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో దూరవిద్యలో వైద్య చట్టం, నైతికత మీద పీజీ డిప్లొమా చేయవచ్చు, అప్పటికి ఆమెకు దానిలో నిజంగా ఏం కావాలో తెలుస్తుంది. ఎల్ఎల్‌బీ ప్రవేశ పరీక్ష లాసెట్ సంగతి ఆమె చూసుకోగలదు. మీరు చేయాల్సిందల్లా చదువు మూడేళ్లకూ, ఆ తర్వాత జూనియర్‌గా ఉండే రెండేళ్లకూ ఇంటి నుంచి ఎంత సాయం చేయగలరో ఆమెతో కూర్చుని లెక్క వేసి చెప్పడం. అమెరికాకు తీయాలనుకున్న అప్పుతో పోలిస్తే అది చాలా చిన్న మొత్తం.