ఆఫీసు అంటే గుండె దడ.. సర్టిఫికెట్ ఇస్తారా?

ప్రశ్న: నా వయసు 34. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. 2020 మార్చి నుంచి ఇంటి దగ్గరే పని. చాలాకాలం ఖమ్మంలో అమ్మావాళ్ల ఇంట్లోనే ఉన్నాను. ఇప్పుడు వారానికి మూడు రోజులు రాయదుర్గంలోని ఆఫీసుకు రావాల్సిందే అన్నారు. కేపీహెచ్‌బీలో ఇల్లు తీసుకున్నాం. ఆఫీసు ఉన్న రోజు తెల్లవారుజామునే మెలకువ వచ్చేస్తోంది. గుండె దడ, కడుపులో తిప్పడం. బయల్దేరేలోపు మూడుసార్లు బాత్‌రూమ్‌కు వెళ్లాలి. రెండుసార్లు మెట్రోలో అమీర్‌పేట దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాను. ఇంటికి రాగానే అంతా మామూలే. మావారు ‘ఉత్త టెన్షన్’ అంటారు. ఇది జబ్బా? డాక్టర్ సర్టిఫికెట్ ఉంటే ఇంటి నుంచే చేసుకోవచ్చని హెచ్‌ఆర్ వాళ్లు చెప్పారు. ఇప్పించుకోవచ్చా?
– ఒక సోదరి, హైదరాబాద్

సలహా: ‘ఇంటికి రాగానే అంతా మామూలే’ అన్నారు చూడండి, చిక్కంతా అక్కడే ఉంది. అమీర్‌పేటలో రాయదుర్గం రైలు కోసం మారాల్సిన చోట మీరు వెనక్కి తిరిగారు. కాసేపట్లో దడ తగ్గింది. మీ మెదడు దాన్నుంచి ఏం నేర్చుకుంది? వెనక్కి తిరిగాం కాబట్టి గండం గడిచిందని. అందుకే మరుసటిసారి ఇంకా ముందే, ఇంకా గట్టిగా గంట మోగిస్తుంది. నిజానికి ఆ ప్లాట్‌ఫామ్ మీదే కూర్చుండిపోయినా దడ తగ్గేది. ఇరవై నిమిషాలో అరగంటో పట్టేది, అంతే. ఆ సంగతి తెలుసుకునే అవకాశం దానికి మీరు ఇవ్వలేదు.

మీవారి మాట సగం నిజం. టెన్షనే, కానీ ‘ఉత్త’ది కాదు. కంగారు పుడితే పేగుల కదలిక నిజంగానే పెరుగుతుంది. పరీక్ష రోజు పిల్లలు బాత్‌రూమ్‌కు పరుగెత్తేది అందుకే. పైగా నిద్ర లేచిన అరగంట, ముప్పావుగంటలో ఒంట్లో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ సహజంగానే పెరుగుతుంది కాబట్టి పొద్దుటి పూటే ఈ బాధ ఎక్కువ. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువైనా దడ వస్తుంది కనుక టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్ పరీక్షలు ఒకసారి చేయించండి. ఆఫీసు రోజుల్లోనే వస్తోందంటే అవి కారణం కాకపోవచ్చు, అయినా అనుమానం తీరుతుంది. బరువు తగ్గడం, మలంలో రక్తం, ఛాతీలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం లాంటివి ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించుకోండి.

ఇక చేయాల్సిన పని. ఈ శనివారం లాప్‌టాప్ బ్యాగు లేకుండా, మీవారిని తోడు తీసుకుని మెట్రోలో రాయదుర్గం దాకా వెళ్లండి. దడ వస్తుంది, రానివ్వండి. అక్కడ ఓ టీ తాగి, దడ సగానికి దిగాకే తిరుగు రైలు ఎక్కండి. మర్నాడు మళ్లీ వెళ్లండి, ఈసారి ఒంటరిగా. దారిలో ఓపిక పోతే దిగి బెంచీ మీద కూర్చోండి, తర్వాతి రైలుకు ముందుకే వెళ్లండి. దిగడం తప్పు కాదు, వెనక్కి తిరగడమే వద్దు.

నిద్ర గురించి మీరు రాయలేదు కానీ ఊహించగలను. ఇంట్లో ఉన్న రోజు తొమ్మిది గంటల కాల్‌కు పావు తక్కువ తొమ్మిదికి లేస్తారు, అవునా? మూడు రోజులు ఆరింటికి, నాలుగు రోజులు తొమ్మిదింటికి లేస్తే ఒంటికి ఏ గడియారమూ కుదరదు. అన్ని రోజులూ, ఆదివారంతో సహా, లేచే వేళ ఒకటే పెట్టుకోండి. సాయంత్రం కాఫీ మానేయండి. అయిదింటికి తాగిన కాఫీలోని కెఫీన్ రాత్రి పదింటికి కూడా దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది.

మందుల షాపులో అడిగి, కంగారు తగ్గించే ఆల్‌ప్రజోలం మాత్ర వేసుకోవద్దు. ఆ పూటకు హాయిగానే ఉంటుంది, తర్వాత అది లేకుండా గడప దాటలేరు.

మీ టీమ్ లీడ్‌ను ‘నాకు కష్టంగా ఉంది’ అని ఊరికే అంటే ఆయనకేం చేయాలో తెలియదు. రద్దీ తగ్గాక పదకొండింటికి రావడం, ఆఫీసుకు వచ్చే మూడు రోజులూ వరుసగా ఉండటం, తెలిసినవాళ్ల పక్కన సీటు.. ఇలా విడివిడిగా అడగండి.

నెల రోజులు ఇలా చేసినా తగ్గకపోతే సైకియాట్రిస్టును కలవండి. కౌన్సెలింగ్, అవసరమైతే మందులు బాగా పనిచేస్తాయి. ఈలోగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

సర్టిఫికెట్ సంగతి. ‘ఇంటి నుంచే పని’ అని మాత్రం నేను రాయను, అది అమీర్‌పేటలో వెనక్కి తిరగడం లాంటిదే. ‘మొదటి రెండు వారాలు ఒక రోజు, తర్వాతి రెండు వారాలు రెండు రోజులు, ఆపైన మూడు’ అని రాసిమ్మంటే సంతోషంగా రాస్తాను. మీ డాక్టర్‌ను అదే అడగండి.