బాలింత గదిలో బొగ్గుల కుంపటి పెట్టొచ్చా?

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. మా అమ్మాయికి కాన్పయి మూడు వారాలైంది. మా పక్క చలి ఎక్కువ. బిడ్డకు వెచ్చగా ఉండాలని రాత్రిళ్లు తలుపులు, కిటికీలు మూసి మంచం పక్కన బొగ్గుల కుంపటి పెడుతున్నాం. బయటే బాగా రాజేసి, పొగంతా పోయాకే లోపలికి తెస్తాం. అయినా కొన్నాళ్లుగా పొద్దున లేచేసరికి నాకూ అమ్మాయికీ తలనొప్పి, వికారం. బయట పనుల్లో పడితే మధ్యాహ్నానికి తగ్గిపోతోంది. చలిగాలి పట్టిందంటారా?
- ఒక పాఠకురాలు, చిత్తూరు జిల్లా

జవాబు: అమ్మా, ఈ రాత్రి నుంచే ఆ కుంపటిని గదిలో పెట్టడం ఆపేయండి. బిడ్డను, అమ్మాయిని ఈరోజే డాక్టరుకు చూపించండి, మీరూ చూపించుకోండి.

ఒకే గదిలో పడుకున్న ఇద్దరికీ ఒకేలా తలనొప్పి రావడం, బయటి గాలి తగిలాక తగ్గడం చూస్తే నాకు అనుమానం కాలే బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు మీదే. ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు, దగ్గు రాదు. ఆక్సిజన్‌తో పోలిస్తే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా, రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. దాంతో గుండెకు, మెదడుకు ఆక్సిజన్ అందదు. నిద్రలో ఉన్నవాళ్లకు ఏం జరుగుతోందో తెలియదు, మత్తు పెరిగి లేవలేకపోతారు.

పొగ పోయింది కదా అన్న ధీమాతోనే చాలామంది మోసపోతారు. మొదట్లో వచ్చే పొగ బొగ్గులో మిగిలిన తడి, జిడ్డు కాలడం వల్ల వస్తుంది. అవి పోయాక ఎర్రగా కణకణలాడే బొగ్గుల నుంచే కార్బన్ మోనాక్సైడ్ బాగా వస్తుంది. తలుపులు మూసిన గదిలో ఆక్సిజన్ తగ్గేకొద్దీ ఇంకా పెరుగుతుంది. నివురు కప్పినా ఆగదు, లోపల నిప్పు ఉన్నంతసేపూ వస్తూనే ఉంటుంది. గదిలో గిన్నెడు నీళ్లు పెడితే విషగాలిని పీల్చేస్తాయని కొందరు పెడతారు. ఈ వాయువు నీళ్లలో దాదాపు కరగదు కాబట్టి దానివల్ల లాభం లేదు. కిటికీ ఓరగా తెరిచి పడుకున్నా నేను ఒప్పుకోను.

పసిబిడ్డ మనకంటే వేగంగా ఊపిరి తీసుకుంటుంది, కాబట్టి త్వరగా ప్రభావం పడుతుంది. పైగా తలనొప్పి అని చెప్పలేదు. పాలు సరిగా తాగకపోయినా, ఎక్కువ మత్తుగా ఉన్నా ఆలస్యం చేయకండి. ఎవరైనా లేపినా లేవకపోతే తలుపులు తెరిచి, అందరినీ బయటికి తెచ్చి 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రిలో మొదటి మాటగా ‘గదిలో కుంపటి పెట్టుకున్నాం’ అని చెప్పండి. చెప్పకపోతే గ్యాస్ ట్రబుల్ అనో, నీరసం అనో అనుకునే ప్రమాదం ఉంది. వేలికి పెట్టే ఆక్సిమీటర్‌లో 98 కనిపించినా నమ్మకూడదు. అది కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌ను కూడా ఆక్సిజన్ ఉన్నదిగానే చూపిస్తుంది. సరైన రక్తపరీక్ష వేరే ఉంది. మామూలు గాలిలో రక్తంలోని ఈ వాయువు సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. మాస్కుతో పూర్తి ఆక్సిజన్ ఇస్తే సుమారు గంట, గంటన్నరలోనే తగ్గుతుంది. మీకు మధ్యాహ్నానికి తేలికపడటానికి కారణం బయటి గాలిలో ఈ వాయువు ఇలా తగ్గడమే కావచ్చు.

మరి బిడ్డకు వెచ్చదనం ఎలా అంటారా? తల్లి ఒంటిని మించింది లేదు. మెలకువగా ఉన్నప్పుడు బిడ్డను ఛాతీకి ఆనించుకుని పైన దుప్పటి కప్పుకోవాలి. టోపీ, సాక్సులు, మనం వేసుకునేదానికంటే ఒక పొర ఎక్కువ బట్టలు చాలు. బాగా చలి ఉన్న రోజుల్లో స్నానం మానేసి తడిగుడ్డతో తుడవొచ్చు, పోస్తే ఎండ వచ్చాక పోయండి. వేడినీళ్ల బ్యాగుతో పక్కను ముందే వెచ్చబెట్టి, బిడ్డను పడుకోబెట్టే ముందు తీసేయండి. సాంబ్రాణి పొగ కూడా పసివాళ్ల ఊపిరితిత్తులకు మంచిది కాదు, పెద్దవాళ్లు నొచ్చుకున్నా ఈ మాట చెప్పక తప్పదు.

కుంపటి కావాలంటే వాకిట్లో, ఆరుబయట చలి కాచుకోండి. పడుకునే ముందు నీళ్లు పోసి పూర్తిగా ఆర్పేయండి. అడుగున నిప్పు మిగిలి ఉండొచ్చు, కాబట్టి ఆర్పాక కూడా లోపలికి తేవొద్దు.

అమ్మాయికి హిమోగ్లోబిన్ కూడా చూపించండి. కాన్పులో రక్తం పోయి అది తక్కువగా ఉంటే, కొంచెం కార్బన్ మోనాక్సైడ్‌కే ఎక్కువ ఇబ్బంది పడుతుంది. ఐరన్ మాత్రలు రాసి ఇస్తే మధ్యలో మానకుండా వేసుకోమనండి.

- జనరల్ ఫిజీషియన్, తిరుపతి