టైర్లలో గాలికి 65 వేలా?

ప్రశ్న: మాది గుంటూరు. జీతం 42 వేలు. సెకండ్ హ్యాండ్ థార్ జీపు కొన్నాను. రెండు నెలలకోసారి ఫ్రెండ్స్‌తో సూర్యలంక వైపు ఇసుక దారుల్లోకి వెళ్తుంటాను. టైర్లలో గాలి తగ్గించి దిగుతాం. బయటికొచ్చాక మళ్లీ కొట్టుకోవడమే ఇబ్బంది. విజయవాడ ఆటోనగర్‌లో బండి కిందే కంప్రెసర్, పది లీటర్ల ట్యాంకు బిగించడానికి 65 వేలు అడుగుతున్నారు. క్రెడిట్ కార్డు మీద 16 శాతానికి ఏడాది ఈఎంఐ పెట్టనా, నాలుగో ఏడు నడుస్తున్న పోస్టాఫీసు ఆర్‌డీ మూసేయనా? టైర్లు నింపడానికి సీఓ2 (కార్బన్ డయాక్సైడ్) సిలిండరు చాలని ఒక ఫ్రెండ్ అంటున్నాడు.

జవాబు: రెండూ వద్దండీ. డబ్బు సంగతి తర్వాత, ముందు ఆ ట్యాంకు లెక్క చూద్దాం.

మీ టైరు ఒక్కోదానిలో సుమారు 70 లీటర్ల చోటు ఉంటుంది. గాలి ఒత్తిడిని 18 పీఎస్‌ఐ (బంకులో గేజ్ మీద కనిపించే కొలత) నుంచి 32కి తేవాలంటే ఒక్కో టైరుకి బయటి గాలి దాదాపు అంతే తోయాలి. నాలుగింటికి 270 లీటర్లు. పది లీటర్ల ట్యాంకుని 120 పీఎస్‌ఐ దాకా నింపినా అందులోంచి టైర్లోకి వెళ్లేది 60 లీటర్లే. ఒక్క టైరు కూడా నిండదు! మిగతాదంతా కంప్రెసరే కొట్టాలి. గాలితో నట్లు విప్పే గన్ను ఉన్న మెకానిక్‌కి ట్యాంకు కావాలి గానీ మీకెందుకు?

ఇక అప్పు. 65 వేలకి నెలకి 5,900 దాకా ఈఎంఐ పడుతుంది. వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే ఏడాదిలో దాదాపు 71,800 కడతారు, ప్రాసెసింగ్ ఫీజు కాకుండానే. ఏడాదికి ఆరు ట్రిప్పుల చొప్పున మూడేళ్లు తిరిగారనుకోండి, ట్రిప్పుకి గాలి ఖర్చే 4,000. పెట్రోలు బంకులో గాలి ఊరికే కొడతారు.

ఆర్‌డీ జోలికి అసలు పోకండి. మెచ్యూరిటీకి ఒక్కరోజు ముందు మూసినా మొత్తం కాలానికి సేవింగ్స్ ఖాతా వడ్డీ, అంటే 4 శాతమే ఇస్తారు.

మరి ఏం కొనాలి? నేరుగా బ్యాటరీకి క్లిప్పులు పెట్టుకునే పోర్టబుల్ కంప్రెసర్. ఏడెనిమిది వేలు పెడితే మంచిదే వస్తుంది. నెలకి నాలుగు వేలు పక్కన పెడితే రెండో నెలాఖరుకి నగదుతో కొనేయొచ్చు. సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే చిన్నది మాత్రం వద్దు. నేనూ ఆశపడి ఒకటి కొన్నాను. మూడో టైరు దగ్గర ఫ్యూజు పోయింది. ఫోను ఛార్జింగ్ కూడా లేకుండా ఇంటికి చేరాను. ఇంజన్ ఆన్‌లో ఉంచే కొట్టండి, లేకపోతే బ్యాటరీ దిగిపోతుంది.

బండి కింద బిగించేదానికి ఇంకో చిక్కుంది. పాలసీలో యాక్సెసరీగా రాయించి అదనపు ప్రీమియం కట్టకపోతే, అది పోయినా పాడైనా క్లెయిమ్ రాదు.

సీఓ2 మాట మన ఊళ్లో మరిచిపోండి. 31 డిగ్రీలు దాటితే అది సీసాలో ద్రవంగా నిలవదు, ప్రెషర్ పెరుగుతూ పోతుంది. మే నెలలో ఎండలో ఆపిన బండి లోపల ఎంత వేడి ఉంటుందో మీకు తెలుసు.

కంప్రెసర్ కొనేలోగా ట్రిప్పు పడితే, ఓ మంచి ప్రెషర్ గేజ్ మాత్రం కొనండి. మరీ 15కి దించకుండా 20 దగ్గర ఆపండి. తారు రోడ్డెక్కాక స్పీడు నలభై దాటకుండా బాపట్ల దాకా వచ్చి, బంకులో కొట్టించుకోండి. తొమ్మిది కిలోమీటర్లేగా.