కంప్యూటర్‌లో మెయిల్ తెరిస్తే ఫోన్‌లో ఎందుకు మాయమవుతోంది?

ఆఫీసు కంప్యూటర్‌లో అవుట్‌లుక్ (మెయిల్ ప్రోగ్రామ్) తెరవగానే ఫోన్‌లో మెయిల్స్ కనబడట్లేదని అడిగారు. టెన్షన్ పడకండి, చాలావరకు అవి ఆ కంప్యూటర్‌లోనే భద్రంగా ఉంటాయి. అవుట్‌లుక్ అకౌంట్ సెట్టింగ్స్‌లో ఇన్‌కమింగ్ పోర్టు (మెయిల్ వచ్చే దారి నంబరు) చూడండి. 995 గానీ 110 గానీ ఉంటే అది పాప్ పద్ధతి. సర్వర్‌లో (మెయిల్ సంస్థ కంప్యూటర్‌లో) కాపీ ఉంచమని టిక్ పెట్టకపోతే, పాప్ మెయిల్‌ని కంప్యూటర్‌లోకి దించుకుని సర్వర్‌లో చెరిపేస్తుంది. ఫోన్ చూసేది సర్వర్‌నే కదా, ఇక దానికేం దొరుకుతుంది?

అదే అకౌంట్‌ని ఐమ్యాప్‌గా (మెయిల్స్‌ని సర్వర్‌లోనే ఉంచే పద్ధతి), పోర్టు 993తో మళ్ళీ జోడించండి. పాతదాన్ని మాత్రం దయచేసి అప్పుడే తీసేయకండి. అందులోని మెయిల్స్‌ని, పంపినవాటితో సహా, కొత్త అకౌంట్ ఫోల్డర్లలోకి కాపీ చేయండి. వేలల్లో ఉంటే గంటలు పట్టొచ్చు. అవన్నీ ఫోన్‌లో కనబడ్డాకే పాతది తొలగించండి.